తల ఊపిన సాక్షి

అక్క ఆ కాగితాల మీద నీళ్ల జగ్గు పెట్టింది.

గాలికి ఎగిరిపోతాయని కాదు. ఫ్యాను ఆపేసి ఉంది, కిటికీ మూసి ఉంది. జగ్గు అడుగున పట్టిన చెమ్మ మెల్లగా పాకి పదిహేడో పేజీ అంచును తడిపింది. చెల్లెలు చెయ్యి చాచి జగ్గును పక్కకు జరిపింది. అక్క దాన్ని లాగి మళ్లీ అక్కడే పెట్టింది.

ఇద్దరి మధ్యా మాటలు లేక అప్పటికి రెండు రోజులు. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి దగ్గర, భుజాలు రాసుకుంటూ తిరుగుతూ రెండు రోజులు.

బల్లకు అవతలి కొసన బావ కళ్లజోడు తుడుస్తున్నాడు. అద్దాలు ఎప్పుడో శుభ్రమైపోయాయి.

"రేపు పన్నెండింటికల్లా ఇచ్చెయ్యాలట," అంది అక్క, జగ్గుతో చెబుతున్నట్టు.

బావ ఒకసారి తల ఊపాడు. ఆ ఊపుడే కొంప ముంచిందని ఆ బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు.

మొన్న సోమవారం ఆయన పార్లమెంటు కమిటీ గదిలో సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. లిఫ్టుల తనిఖీ శాఖలో ఆయన చీఫ్ ఇన్‌స్పెక్టరు. ఏటా ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి లిఫ్టునూ చూసి తీరాలన్న పాత చట్టాన్ని తీసేసి, లిఫ్టును నడిపే కంపెనీయే 'అంతా బాగుంది' అని సర్టిఫికెట్ రాసుకుంటే చాలనే కొత్త బిల్లు ఆ కమిటీ ముందుకు వచ్చింది. సభలో అరుపులు లోకమంతా వింటుంది. బిల్లును ఒక్కో క్లాజూ విప్పి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూసేది మాత్రం ఈ చిన్న గదిలోనే. రెండు పక్షాల సభ్యులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. శాఖ వాళ్లను పిలిచి ఇది ఎందుకు, అది ఎవరు చెప్పారు అని అడుగుతారు.

అక్కడ పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో పట్టుకునేది రిపోర్టర్లు. పది నిమిషాలకొకరు చొప్పున టర్ను మారతారు. బావను ప్రశ్నలడిగిన పది నిమిషాలూ చెల్లెలి టర్నులో పడ్డాయి.

టైపయిన సాక్ష్యాన్ని సాక్షికే పంపడం అక్కడి పద్ధతి. చదువుకుని, భాషలో దొర్లిన తప్పులుంటే దిద్ది, పేజీ పేజీకీ సంతకం పెట్టి తిరిగి ఇవ్వాలి. అలా ఇంటికొచ్చిన కాగితాలే ఇవి. పదిహేడో పేజీ మధ్యలో ఇలా ఉంది:

సభ్యురాలు: కంపెనీ సర్టిఫికెట్ పద్ధతిని నలభై భవనాల్లో ఏడాదిపాటు నడిపి చూశారు కదా. దాని మీద మీరు నివేదిక రాశారా?

(సాక్షి తల ఊపారు.)

శాఖ కార్యదర్శి: అలాంటి నివేదిక ఏదీ లేదండీ.

అడిగిన సభ్యురాలు ఒకప్పుడు ఆస్పత్రి నడిపిన మనిషి. అందరూ డాక్టరమ్మ అంటారు. జవాబు చెప్పిన కార్యదర్శి బావకు పైఅధికారి, ఆ పూట పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఇప్పుడు ఆ బ్రాకెట్ వరస పక్కన పెన్సిలుతో సన్నటి టిక్కు ఉంది. కాగితాలు ఇంటికి వచ్చింది కార్యదర్శి కార్లో, కార్యదర్శి డ్రైవరు చేతుల మీదుగా. టిక్కు ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు.

తల ఊపింది నిజమైతే కార్యదర్శి పార్లమెంటు కమిటీకి అబద్ధం చెప్పినట్టు. అది కొట్టేస్తే అందరూ క్షేమం. బావకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. పైఅధికారిని అబద్ధాలకోరుగా నిలబెట్టినవాడికి ఆ ఎనిమిది నెలలు ఎలా గడుస్తాయో, అసలు గడవనిస్తారో లేదో అక్క రెండు రోజులుగా ఒక్కత్తే ఆలోచించుకుని, ఒక్కత్తే భయపడి, ఇవాళ సాయంత్రం ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది.

"నిన్నొకటి అడుగుతాను," అంది. చెల్లెలి వైపు చూడకుండానే అంది. "మీ పనిలో రాసేది విన్నదా, చూసిందా?"

చెల్లెలు తడిసిన పేజీ అంచును వేలితో తుడిచింది.

"ఈ బల్ల దగ్గరే వందసార్లు చెప్పావు. వినబడింది రాస్తాం, కనబడింది రాయం అని. ఒకాయన బల్ల గుద్దితే కూడా రాయలేదని గొప్పగా చెప్పావు. మరి ఈయన తల నీకెలా వినబడిందే?"

అదే చెల్లెలికీ తెలియనిది. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆమె సైగలు రాయలేదు. సాక్షి తల ఊపితే కమిటీ అధ్యక్షుడే 'నోటితో చెప్పండి' అనాలి. ఆ రోజు ఆయన ఏదో కాగితం వెతుక్కుంటూ తల వంచుకుని ఉన్నాడు. టర్ను ముగియడానికి అర నిమిషం ఉంది. తన తరవాతి రిపోర్టరు, అందరూ ఎడంచేతాయన అనే మనిషి, అప్పుడే పక్కన కూర్చుని నోట్‌బుక్ తెరుస్తున్నాడు. ఆమె పెన్ను తనంతట తానే రాసేసింది.

ఆరేళ్లుగా ఆమె ఈ ఇంట్లోనే, వెనక గదిలో ఉంటోంది. ఈ ఇంట్లో బావ తల ఊపుడంటే మాటే. ఒకసారి ఊపితే అవును. రెండుసార్లు ఊపితే అవునుగానీ ఇప్పుడు కాదు. కిందికి దించి అలాగే ఆపితే తప్పు నాదే. పాతికేళ్ల కాపురంలో ఆయన నోరు విప్పి 'సరే' అన్నది పెళ్లికి ఒప్పుకున్న రోజేనని, అదీ వాళ్ల నాన్న రెండోసారి అడిగితేనని అక్కే నవ్వుతూ చెబుతుంది. ఆ గదిలో ఇంకే రిపోర్టరు ఉన్నా ఆ తలకదలిక గాల్లో కలిసిపోయేది. ఇంటి మనిషి కాబట్టి ఆమెకది మాటలా వినబడింది.

అక్కడే ఇంకో తప్పు కూడా ఉంది. సాక్షి బంధువైతే ముందే చెప్పి టర్ను మార్చుకోవాలి. బావ పేరు సాక్షుల జాబితాలో చివరి నిమిషంలో చేరింది. చెప్పే వ్యవధి లేదని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. రెండు నిమిషాల పని అది.

అక్క గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గితేనే భయం. పొరపాటున రాశానని మీ ఆఫీసు పెద్దాయనకు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోతుందని అడిగింది. తల్లి పోయాక నిన్ను బడికి తీసుకెళ్లిన చెయ్యి ఇదని గుర్తు చేసింది. గుర్తు చేసినందుకు తనకే సిగ్గేసినట్టుంది, జగ్గు ఎత్తి అక్కర్లేకపోయినా ఒక గ్లాసు నీళ్లు నింపింది.

"పొరపాటున రాశాను, నిజమే," అంది చెల్లెలు. "కానీ రాసింది పొరపాటు కాదక్కా."

"ఈ తిరకాసు మాటలు మీ కమిటీలో చెప్పుకో."

బావ కళ్లజోడు పెట్టుకున్నాడు. లేచి అలమరలోంచి టార్చి తీశాడు.

"ఇద్దరూ పైకి రండి," అన్నాడు.

ఆయన నోట మూడు మాటలు ఒకేసారి వచ్చేసరికి అక్క మారు మాట్లాడకుండా లేచింది.

వాళ్లది అయిదో అంతస్తు. పైన ఇంకో మూడు. లిఫ్టు తలుపు మీద 'పనిచేయుట లేదు' అన్న అట్టముక్క రెండు నెలలుగా వేలాడుతోంది. అక్క మోకాళ్ల మీద చేతులు వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, అలవాటు కొద్దీ, ఈ లిఫ్టు ఆపినవాడు ఎవడోగానీ వాడికీ నా మోకాళ్లే రావాలని దీవించింది. ముందు నడుస్తున్న బావ వీపు కాస్త వంగింది.

మేడ మీద ఇంకా వెలుతురు ఉంది. నీళ్ల ట్యాంకుల పక్కన లిఫ్టు యంత్రం గది. దానికి ఇనుప తలుపు, తలుపుకి తాళం. తలుపుకీ గోడకీ కలిపి చూపుడువేలంత పొడుగున ఒక కాగితపు చీటీ అంటించి ఉంది. వానకు తడవకుండా పైన టేపు వేశారు. బావ దాని మీద టార్చి వేశాడు. చీటీ మీద ఆయన సంతకం, కింద తేదీ. పద్నాలుగు నెలల కిందటి తేదీ.

తరవాత టార్చి గోడ మీదికి తిప్పాడు. అక్కడ ఒక తీగకు గుచ్చి కంపెనీ సర్టిఫికెట్లు వరసగా ఉన్నాయి. నెలకొకటి. 'యంత్రం గది తెరిచి, మోటారు, తాళ్లు, బ్రేకు తనిఖీ చేయడమైనది.' ప్రతి దాని మీదా అదే వాక్యం, అదే సంతకం, అదే స్టాంపు.

అక్క సర్టిఫికెట్లు చూసింది. చీటీ చూసింది. మళ్లీ సర్టిఫికెట్లు చూసింది.

"చీటీ చిరగలేదేం?" అంది చివరికి.

"తలుపు తెరిస్తేగా," అన్నాడు బావ.

గోడకు ఆనుకుని ఆయన ఆ కథ చెప్పాడు. చిన్న చిన్న ముక్కలుగా, మధ్యలో చాలాసేపు ఆగుతూ చెప్పాడు. నలభై భవనాల్లోనూ పరీక్ష మొదలైన రోజున తలుపులకు ఇలాంటి చీటీలు అంటించాడు. యంత్రాలను చూడలేదు. మనుషులను చూడాలనుకున్నాడు. ఏడాది తిరిగాక వెళ్లి చూస్తే ముప్ఫై ఒక్క తలుపుల మీద చీటీలు చెక్కు చెదరలేదు. ఒక్కో గోడకు పన్నెండేసి సర్టిఫికెట్లు. అదంతా రాసి, ఫోటోలు పెట్టి, కార్యదర్శి చేతికే ఇచ్చాడు. చదివి ఆయన ఎంతో మర్యాదగా, ఇది నివేదిక కాదు, మీ సొంత పరిశీలన, దీనికి నెంబరు వెయ్యొద్దు అన్నాడు. నెంబరు లేని కాగితం శాఖలో లేనట్టే లెక్క.

"ఆ ముప్ఫై ఒకటిలో ఒకటి ఆస్పత్రి," అన్నాడు బావ. "ఒకటి మనది."

అక్క కళ్లు మెల్లగా మొగుడి మీదికి తిరిగాయి.

"లిఫ్టు ఆపించింది మీరా?"

బావ తల కిందికి దించి అలాగే ఆపాడు.

"రెండు నెలలు," అంది అక్క. "రెండు నెలలు నాతో అయిదంతస్తులు ఎక్కించి, పక్కింటావిడతో కలిసి నేను మిమ్మల్నే తిడుతుంటే వింటూ కూర్చున్నారా?"

"చెబితే తలుపు తెరిపించమంటావు. తెరిస్తే చీటీ పోతుంది. నా చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే."

దిగేటప్పుడు అక్క ఆరో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుంది. మూసి ఉన్న లిఫ్టు తలుపును చాలాసేపు చూసింది. ఎన్నిసార్లు ఎక్కానో అనుకుని ఉంటుంది. లేచేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఇంట్లోకి వచ్చాక ఒక్క మాట అంది. "సంతకం మీది. మీ ఇష్టం." ఆ మాటలో ఒప్పుకోలు ఉందో, అలిగి చేతులు దులుపుకోవడం ఉందో చెల్లెలికి అంతుపట్టలేదు.

బావ పెన్ను తీశాడు. చెల్లెలు వెంటనే లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సాక్షి దిద్దుకునేటప్పుడు రిపోర్టరు దగ్గర ఉండకూడదు. పద్నాలుగేళ్ల నియమం. ఒకసారి తప్పాను, రెండోసారి తప్పకూడదనుకుంది. బయట జగ్గు పక్కకు జరిపిన చప్పుడు వినబడింది. పెన్ను గీసిన చప్పుడు వినబడిందా లేదా అన్నది మాత్రం ఊహే.

*

మర్నాడు పన్నెండుకు పది నిమిషాలుండగా కవరు రిపోర్టర్ల గదికి చేరింది.

ఆ గదికి పెద్ద, అరవై దాటబోతున్న చీఫ్ రిపోర్టరు. వెనకాల అందరూ ఫుల్‌స్టాప్ గారు అంటారు. ఎవరు ఎంత పొడుగ్గా మాట్లాడినా ఆయన ఒక్క ముక్కలో ముగిస్తాడు. ఆయన కవరు చించి, కళ్లజోడు నుదుటి మీది నుంచి కిందికి లాక్కుని, పేజీలు తిప్పి, పదిహేడు దగ్గర ఆగాడు. వేలితో చెల్లెలిని పిలిచాడు.

బ్రాకెట్ వరస మీద నీలం సిరాతో అడ్డగీత. చెల్లెలు కాగితం మీదికి వంగింది. ఆ గీత కింద, అదే సిరాతో, బావ గుండ్రటి అక్షరాల్లో ఇంకో వరస ఉంది.

'అవును, రాశాను. కాపీ నా దగ్గర ఉంది.'

పక్కన సంతకం.

నోరు విప్పని మనిషి విప్పాడు. తల ఊపడం చాలదని, మాటే ఇద్దామని ఆ వరస కొట్టేసి దాని చోట మాట రాశాడు. అక్కకు వెంటనే ఫోన్ చెయ్యాలనిపించింది.

"సంతోషించకు," అన్నాడు ఫుల్‌స్టాప్ గారు.

కుర్చీ చూపించి, ఎప్పుడూ లేనంత ఓపికగా వివరించాడు. సాక్షి తన పేజీలో సైగను కొట్టేయవచ్చు. అది మాట కాదు కనక అభ్యంతరం లేదు, సంతకం పెట్టాడు కనక చెల్లుతుంది. కానీ గదిలో పలకని మాటను తరవాత చేర్చడానికి వీల్లేదు. భాష దిద్దుకోవచ్చుగానీ సాక్ష్యం పెంచుకోకూడదు. కాబట్టి అడ్డగీత ఉంటుంది. 'అవును' ఉండదు.

ఆయన ఎర్ర పెన్సిలుతో ఆ వరసను కూడా కొట్టేశాడు. ఇప్పుడు డాక్టరమ్మ ప్రశ్న తరవాత నేరుగా కార్యదర్శి జవాబే ఉంది. అలాంటి నివేదిక ఏదీ లేదండీ.

"మీ బావగారు ధైర్యం చేసి, ఉన్నదాన్ని కూడా పోగొట్టుకున్నారు," అన్నాడు.

చెల్లెలు తలెత్తి చూసింది. బావ అన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నలభై ఏళ్ల నుంచి మనుషుల మాటలు వింటున్నాను. నువ్వు సైగ రాశావంటేనే అనుకున్నాను, ఇంటి మనిషై ఉంటాడని. ముందే చెప్పాల్సింది."

ఆమె తల దించుకుంది. అప్పుడు తట్టింది, అసలు తప్పు ఎక్కడ జరిగిందో. రాత్రి తను తలుపు వేసుకుంది. ఈ నియమం ఆ ఇంట్లో తెలిసింది తనకొక్కతికే. ఒక్క మాట, 'కొట్టేయకు బావా, అలాగే ఉంచి సంతకం పెట్టు' అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నియమం తప్పకూడదని నోరు మూసుకుంది. ఆయనకు చెప్పేవాళ్లు లేక, నిజాన్ని ఇంకా గట్టిగా చెబుదామని, దాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నాడు.

కమిటీ తన నివేదికకు రేపు పదకొండింటికి ఆమోదం తెలుపుతుంది. తరవాత బిల్లు సభకు వెళ్తుంది. ఆపైన ఏ తలుపు మీద ఏ చీటీ అంటించినా ఒకటే.

ఇంక దారే లేదా అని అడిగింది.

ఫుల్‌స్టాప్ గారు పెన్సిలు చెవికి దోపుకున్నాడు. సాక్షి చేర్చిన మాటను తిరస్కరిస్తే ఆ సంగతి అధ్యక్షుడికి రాసి పంపాలి. అదీ నియమమేనట. పాటించేవాళ్లు తక్కువ. ఆయన తెల్లకాగితం తీసుకుని రెండు వాక్యాలు రాశాడు. సాక్షి చెప్పదలచినది పత్రంలో చేర్చుటకు వీలు లేదు. పిలిచి వినుట తమ ఇష్టం.

"రేపు నీకు టర్ను లేదు," అన్నాడు, కాగితం మడుస్తూ. "కమిటీ గది గుమ్మం బయట ఉండు. నీ నోట్‌బుక్ నీ దగ్గరే పెట్టుకో. పారెయ్యకు."

*

అధ్యక్షుడు బావను మళ్లీ పిలిపించాడు. కమిటీ గది బయట పొడుగాటి నడవా, గోడ వెంబడి ఒక బెంచి. మర్నాడు పదకొండింటికి చెల్లెలు అక్కడికి వచ్చేసరికి బెంచి మీద అక్క కూర్చుని ఉంది. సందర్శకుల చీటీ గుండె మీద పిన్నుతో గుచ్చుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఆస్పత్రిలో పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

చెల్లెలు ఇవతలి కొసన కూర్చుంది. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ.

"పొద్దున కార్యదర్శి ఫోన్ చేశాడు," అంది అక్క, ఎదురుగోడ చూస్తూ. "ఎంత తియ్యగా మాట్లాడతాడో. ఎనిమిది నెలలు ఓపిక పట్టమనండి మీవారిని అన్నాడు."

"ఏమన్నావు?"

"ఆయన ఇంట్లో లేరండీ, మెట్లు దిగుతున్నారు, మా లిఫ్టు పనిచెయ్యదు అన్నాను."

చెల్లెలికి నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. కానీ సంచి ఎత్తి అవతల పెట్టింది. మధ్యలో ఖాళీ ఒక మనిషంత తగ్గింది.

ఆ గది తలుపు మందం. లోపలి మాట బయటికి రాదు. పది నిమిషాలకోసారి టర్ను మారినప్పుడు మాత్రం అది తెరుచుకుంటుంది, ఒకరు లోపలికి, ఒకరు బయటికి. ఆ రెండు క్షణాల్లో వినబడిందే వినబడినట్టు. మొదటిసారి తెరుచుకున్నప్పుడు డాక్టరమ్మ గొంతు, అదే ప్రశ్న, నివేదిక రాశారా అని. ఎడంచేతాయన నోట్‌బుక్ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకోబోతుండగా అధ్యక్షుడి గొంతు వినబడింది.

"తల ఊపితే రికార్డుకెక్కదు. నోటితో చెప్పండి."

తలుపు మూసుకుంది.

అక్క చెయ్యి వచ్చి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. నడవా చివర గడియారం ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు. పెద్దముల్లు కదలకుండా కదిలింది.

పది నిమిషాలకు ఎడంచేతాయన బయటికొచ్చాడు. గదిలో విన్నది గది దాటనివ్వని మనిషి. పంతొమ్మిదేళ్లలో ఇంట్లో పెళ్లానికి కూడా ఒక్క ముక్క చెప్పలేదని పేరు. బెంచి దాటి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి చెల్లెలి కళ్లలోకి చూసి, తల ఒక్కసారి ఊపి వెళ్లిపోయాడు.

"ఏమిటే అది?" అంది అక్క. "చెప్పారనా? ఏమిటి ఆ ఊపడం?"

"రికార్డుకెక్కదక్కా," అంది చెల్లెలు. అప్పటికే కళ్లు తడిసిపోయాయి.

అక్క కూడా ఏదో అనబోయింది. ఈలోగా తలుపు మళ్లీ తెరుచుకుంది. టర్ను మారే వేళ కాదది. ఫుల్‌స్టాప్ గారే స్వయంగా గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లజోడు నుదుటి మీద లేదు, చేతిలో ఉంది.

ఆయన తక్కువ మాటల్లోనే చెప్పాడు. సాక్షి అవునన్నాడు. కాపీ బల్ల మీద పెట్టాడు. కార్యదర్శి అది నిన్న రాత్రి కూర్చుని పుట్టించిన కాగితం అంటున్నాడు. నెంబరు లేదు, తేదీకి సాక్ష్యం లేదు, మొన్న సోమవారం అడిగినప్పుడు ఈయన నోరు మెదపలేదు, రికార్డు చూసుకోండి అంటున్నాడు. రికార్డులో నిజంగానే ఏమీ లేదు. సోమవారమే ఆ నివేదిక ఉందని చూపేది ఒక్కటే మిగిలింది.

ఆయన చూపు ఆమె ఒళ్లోని నోట్‌బుక్ మీద పడింది.

"నిన్ను సాక్షిగా పిలుస్తున్నారు," అన్నాడు. "రిపోర్టరును ఆ కుర్చీలో కూర్చోబెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మొదట ఒకటే అడుగుతారు. సాక్షి నీకేమవుతాడని. ఆ జవాబుతో నీ ఉద్యోగం ఉంటుందో ఉండదో నేను చెప్పలేను."

చెల్లెలు లేచింది. చూసింది రాసినందుకు ఒక తప్పు, చుట్టరికం దాచినందుకు ఇంకో తప్పు. రెండూ తన నోటితోనే చెప్పాలి. చెబితేనే తన నోట్‌బుక్‌కు విలువ. చెప్పకపోతే ఆ కాగితం నిన్న రాత్రిదే అయిపోతుంది.

అక్క వైపు తిరిగింది. వద్దనే మాట కోసమో, వెళ్లమనే మాట కోసమో ఆమెకే తెలియదు. అక్క మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, చెల్లెలి కాలరు సరిచేసి, నుదుటి మీద పడిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసింది.

"వెళ్లు," అంది. "తల మాత్రం ఊపకు."